గ్రీకు, లాటిన్‌లలో డాక్టరేట్: చదువు ఎవరిది, ఖర్చు ఎవరిది

2025 ఆగస్టులో షికాగో విశ్వవిద్యాలయం ఓ నిర్ణయం ప్రకటించింది. 2026–27 విద్యా సంవత్సరానికి మానవీయ శాస్త్రాల్లోని చాలా విభాగాలు పీహెచ్‌డీలో కొత్తవాళ్లను చేర్చుకోవు. ప్రాచీన గ్రీకు, లాటిన్ చదువులకు నెలవైన క్లాసిక్స్ విభాగం ఆ జాబితాలో ఉంది. మన వైపు భాషలను చూసుకునే దక్షిణాసియా విభాగమూ ఉంది.

అంతకు ఏడాదిన్నర ముందు, 2024 ఫిబ్రవరిలో, ఇదే చదువు గురించి ఇంకో వార్త వచ్చింది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు హెర్క్యులేనియం పట్టణంలోని ఓ భవంతిలో ఉన్న పుస్తకాల చుట్టలు బొగ్గయిపోయాయి. పద్దెనిమిదో శతాబ్దంలో అవి తవ్వకాల్లో బయటపడ్డాయి. విప్పబోతే పొడిపొడి అయిపోతాయి. విప్పకుండానే ఎక్స్‌రే స్కానింగ్ చేసి, లోపలి పొరల్లోని సిరా జాడను కంప్యూటర్‌తో పట్టుకోవాలని 2023లో ఓ పోటీ పెట్టారు. యూసెఫ్ నాదెర్, లూక్ ఫారిటర్, జూలియన్ షిలిగర్ అనే ముగ్గురు యువకులు 7 లక్షల డాలర్ల బహుమతి గెలిచారు. రెండు వేలకు పైగా గ్రీకు అక్షరాలు తెర మీద కనిపించాయి. కనిపించాయి, అంతవరకే. వాటిని పదాలుగా విడగొట్టి, చెదిరిన చోట ఏ అక్షరం ఉండాలో తేల్చి, ఇది ఎపిక్యూరస్ మార్గంలోని తత్వవేత్త ఫిలొడీమస్ రచన కావచ్చని చెప్పింది మాత్రం పాపిరస్‌లు చదవడంలో ఆరితేరిన గ్రీకు పండితులు. అలాంటివాళ్లు తయారు కావడానికి పదేళ్ల పైమాటే.

చదవాల్సిన సరుకు పెరుగుతోంది. చదవగలిగేవాళ్లను తయారుచేసే చోట్లు తలుపులు మూస్తున్నాయి. ఈ పరిస్థితిలో క్లాసిక్స్‌లో పీహెచ్‌డీకి ఎవరైనా ఎందుకు వెళ్లాలి, అసలు వెళ్లగలిగేవాళ్లు ఎవరు అన్న చర్చ 2008 ఆర్థిక సంక్షోభం నాటి నుంచి అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ తెగకుండా సాగుతోంది. ఒక పక్షం ఉద్యోగాల లెక్క తీస్తుంది. ఇంకో పక్షం జ్ఞానం విలువ చెబుతుంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే రెండు పక్షాలూ ఒక సంగతిని దాటేస్తాయి. ఈ చదువులో ఎవరు నెగ్గుతారన్నది చాలావరకు పీహెచ్‌డీలో చేరకముందే తేలిపోతుంది. లాటిన్ ఏ వయసులో మొదలుపెట్టారు, ఆ ఏళ్ల ఖర్చు ఎవరు భరించారు అన్నవే తేల్చేస్తాయి.

అమెరికాలో తొలి పీహెచ్‌డీలు యేల్ విశ్వవిద్యాలయం ఇచ్చింది, 1861లో, ముగ్గురికి. వారిలో జేమ్స్ మోరిస్ విటన్ ఒకరు. ఆయన సిద్ధాంత వ్యాసం లాటిన్‌లో ఉంది, చేతిరాతలో ఆరు పేజీలు. జీవితం చిన్నది, విద్య పెద్దది అన్న పాత నానుడి దాని విషయం. ఇవాళ పరిశోధన గ్రంథాల్లో కృతజ్ఞతలకే అన్ని పేజీలు పడుతున్నాయి! ఆ రోజుల్లో గట్టి పరిశోధన కావాలంటే జర్మనీ వెళ్లాల్సిందే. బేసిల్ గిల్డర్‌స్లీవ్ 1853లో గోటింగెన్‌లో డాక్టరేట్ తెచ్చుకుని, 1876లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తెరిచినప్పుడు అక్కడ గ్రీకు ఆచార్యుడయ్యారు. 1880లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిలాలజీ స్థాపించారు. ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక్కో వాక్యాన్ని పరిష్కరించే జర్మన్ సెమినార్ పద్ధతి అలాంటివాళ్ల వెంట అమెరికా చేరింది.

ఇంగ్లండు తీరు వేరు. ఆక్స్‌ఫర్డ్ డీఫిల్ పేరుతో డాక్టరేట్ పట్టా పెట్టిందే 1917లో. కవిగా పేరున్న ఎ. ఇ. హౌస్‌మన్ 1881లో ఆక్స్‌ఫర్డ్ ఆఖరి పరీక్ష తప్పారు. పేటెంట్ ఆఫీసులో పదేళ్లు గుమాస్తాగిరీ చేస్తూ, సాయంత్రాలు బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో కూర్చుని రాసిన వ్యాసాల బలంతో 1892లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో లాటిన్ ఆచార్య పదవి సంపాదించారు. పరీక్ష తప్పి, డాక్టరేట్ లేకుండా ఆచార్యుడయ్యే ఆ సందు మూసుకుపోయి చాలా కాలమైంది.

ఇప్పటి అమెరికన్ పీహెచ్‌డీలో మొదటి రెండు మూడేళ్లు తరగతులకూ పరీక్షలకూ పోతాయి. చాలా విభాగాలు గ్రీకుకు ఒకటి, లాటిన్‌కు ఒకటి పఠన జాబితాలు ఇస్తాయి. ఇలియడ్ ఒక్కటే 15 వేల పంక్తులు దాటుతుంది, ఒడిస్సీ 12 వేలు, వర్జిల్ ఈనియడ్ పదివేలకు కాస్త తక్కువ. వాటికి తోడు సోఫొక్లీస్, థ్యుసిడిడీస్, ప్లేటో, సిసెరో, హొరేస్, టాసిటస్. జాబితాలో ఉన్నదంతా మూలంలో చదవాలి. అనువాద పరీక్షకు సాధారణంగా మూడు గంటల సమయం, చేతిలో నిఘంటువు ఉండదు. ఎక్కడి నుంచి ఏ ముక్క ఇస్తారో ముందుగా తెలియదు. ఇవి కాక జర్మన్ ఒక పరీక్ష, ఫ్రెంచ్ లేదా ఇటాలియన్ ఇంకొకటి. ఈ రంగంలో వందేళ్ల వ్యాఖ్యానాలు ఆ భాషల్లో ఉన్నాయి కాబట్టి వాటిని తప్పించుకునే వీలు లేదు. ఆ తర్వాత సాహిత్య చరిత్ర మీద, ఎంచుకున్న గ్రంథకర్తల మీద మౌఖిక పరీక్షలు. ఇవన్నీ గట్టెక్కాకే సిద్ధాంత గ్రంథం మాట. మానవీయ శాస్త్రాల్లో అమెరికన్ పీహెచ్‌డీకి పట్టే కాలం మొత్తం మీద ఏడేళ్లకు అటూఇటూగా తేలుతుంది.

బ్రిటన్‌లో ఇదంతా పీహెచ్‌డీకి ముందే అయిపోయి ఉండాలి. బీఏలో భాషలు, ఆపైన ఎంఏ లేదా ఎంఫిల్, తర్వాత నేరుగా గ్రంథ రచన. మూడు నాలుగేళ్లలో పూర్తి చేయాలి. కేంబ్రిడ్జ్‌లో గ్రంథానికి 80,000 పదాల హద్దు ఉంది. చివర్లో ఇద్దరు పరీక్షకులు, ఒకరు లోపలివారు, ఒకరు బయటివారు, తలుపు వేసుకుని ప్రశ్నిస్తారు. వినడానికి ఇది తేలికగా, త్వరగా తేలిపోయే పద్ధతిలా ఉంటుంది. నిజానికి అమెరికన్ పద్ధతి చేరాక పెట్టే వడపోతను బ్రిటన్ చేరకముందే పెట్టేస్తుంది.

పరిష్కృత గ్రంథం పుట ఒకటి తెరిచి చూస్తే ఈ శిక్షణ దేనికో తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ వారి గ్రీకు, లాటిన్ మూలగ్రంథాల మాలలో పీఠికలు చాలావాటికి నేటికీ లాటిన్‌లోనే ఉంటాయి. పుట పై భాగంలో మూలపాఠం, అడుగున చిన్న అక్షరాల్లో రెండు మూడు వరుసలు. ఆ వరుసల్లో ఒక్కో పెద్ద అక్షరం ఒక్కో రాతప్రతికి గుర్తు. ఎం ప్రతిలో ఈ పదం ఇలా ఉంది, పి ప్రతిలో అలా ఉంది, వి ప్రతిలో లేదు, ఫలానా శతాబ్దపు పండితుడు ఇక్కడ ఇంకో పదం ఉండాలని ఊహించాడు. ఇదంతా పొట్టి లాటిన్ సంకేతాల్లో. పైన కనిపించే పాఠం సంపాదకుడు వాటిలోంచి ఎంచుకున్నది. క్లాసిక్స్ డాక్టరేట్ ఇచ్చే అసలు శక్తి ఏమిటంటే ఆ అడుగు వరుసలు చదివి, ఆ ఎంపికతో తగవు పడగలగడం. అనువాదం మాత్రమే చదివినవాళ్లకు అక్కడ తగవు ఉన్నట్టే తెలియదు.

ఆ శక్తి ఎప్పుడు మొదలుపెడితే వస్తుంది? చిక్కంతా ఇక్కడే. పన్నెండేళ్లకు లాటిన్, పద్నాలుగేళ్లకు గ్రీకు మొదలుపెట్టినవారు పీహెచ్‌డీ దరఖాస్తు నాటికి పదేళ్ల అలవాటుతో వస్తారు. ఇంగ్లండులో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు లాటిన్ చెప్పే ప్రభుత్వ పాఠశాలలు 2.7 శాతమని, ఫీజులు వసూలు చేసే ప్రైవేటు పాఠశాలలు 49 శాతమని బ్రిటిష్ కౌన్సిల్ సర్వే తేల్చింది. ఈ తేడా తగ్గించాలని 2021లో ప్రభుత్వం 40 ప్రభుత్వ పాఠశాలల కోసం 40 లక్షల పౌండ్ల పథకం ప్రకటించింది. ప్రభుత్వం మారాక, 2025 ఫిబ్రవరిలో, విద్యా సంవత్సరం నడుస్తుండగానే ఆ పథకం ఆగిపోయింది. ఖజానా లోటే కారణమన్నారు. అప్పటికి సగం లాటిన్ నేర్చుకున్న పిల్లలు ఏమవ్వాలన్నది ఎవరి పద్దులోనూ లేదు.

బడిలో అవకాశం రానివారు డిగ్రీలో మొదలుపెడతారు. సరళీ స్వరాలు పందొమ్మిదేళ్లకు అందుకుని ఇరవై మూడేళ్లకు కచ్చేరీ చేయమన్నట్టుంటుంది వాళ్ల పని. ఆ వెనుకబాటును పూడ్చడానికి అమెరికాలో కొన్ని ఏర్పాట్లున్నాయి. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1973లో మొదలుపెట్టిన లాటిన్, గ్రీకు వేసవి శిబిరం వాటిలో ప్రసిద్ధమైనది. కళాశాలలో రెండేళ్లకు పైగా పట్టే పాఠాన్ని పది వారాల్లో చెబుతారు. అర్ధరాత్రి అర్థం కాని వాక్యం వస్తే ఫోన్ చేసి అడగడానికి అధ్యాపకులు వంతుల వారీగా అందుబాటులో ఉండేవారని అక్కడ చదివినవాళ్లు చెప్పుకుంటారు. ఆ పది వారాలు ఇంకో పని పెట్టుకోవడానికి వీల్లేదు. వేసవిలో పనిచేసి ఫీజు కూడబెట్టుకునే విద్యార్థికి ఆ నియమం ఒక్కటి చాలు, గుమ్మం దగ్గరే ఆగిపోవడానికి.

పెన్సిల్వేనియా, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వంటివి బీఏ అయ్యాక ఏడాది రెండేళ్లు భాషలు గట్టిపరచుకునే కోర్సులు నడుపుతున్నాయి. వీటికి మామూలుగా విద్యార్థే డబ్బు కట్టుకోవాలి. మిషిగన్ విశ్వవిద్యాలయం మాత్రం ఈ అంతరాన్ని పూడ్చడానికే భృతి ఇచ్చి చదివించే బ్రిడ్జ్ ఎంఏ పెట్టింది. ఈ రెండు ఏర్పాట్ల మధ్య తేడా పాఠాల్లో లేదు, చెక్కు ఎవరు రాస్తారన్నదాంట్లో ఉంది. చర్చల్లో ఎక్కువ చోటు దొరకాల్సింది ఇలాంటి కోర్సులకే. దొరికింది మాత్రం ప్రిన్స్‌టన్ గొడవకు.

2021లో ప్రిన్స్‌టన్ క్లాసిక్స్ విభాగం బీఏ విద్యార్థులకు గ్రీకు లేదా లాటిన్ తప్పనిసరి అన్న నియమం తీసేసింది. పత్రికల్లో గగ్గోలు లేచింది. భాష రాకుండా క్లాసిక్స్ డిగ్రీయా అని కొందరు మండిపడ్డారు. బయటి నుంచి వచ్చే విద్యార్థులకు తలుపు తెరిచారని కొందరు మెచ్చుకున్నారు. కోర్సులు ఎక్కడికీ పోలేదు, కావాలనుకున్నవాళ్లు ఇదివరకటిలాగే భాషలు చదువుకోవచ్చు. రెండు వర్గాలూ పెద్దగా పట్టించుకోని అంశం ఇంకొకటి ఉంది. పీహెచ్‌డీ నియమాలు మారలేదు. బీఏలో భాష వదిలేసిన విద్యార్థి పరిశోధన వైపు రావాలనుకుంటే అదే పఠన జాబితా, అదే మూడు గంటల పరీక్ష ఎదురవుతాయి. మధ్యలో సొంత ఖర్చుతో రెండేళ్లు అదనం. కింది మెట్టు తగ్గించి పై మెట్టు అలాగే ఉంచితే మధ్య ఎత్తు పెరుగుతుంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. బ్రిడ్జ్ కోర్సుకు నిధులు జోడించకపోతే దాని భారం పడేది ఎవరి కోసం తలుపు తెరిచామంటున్నారో వాళ్ల మీదే.

ఆ గొడవ జరుగుతున్నప్పుడు ఎక్కువగా వినిపించిన పేరు అక్కడి ఆచార్యుడు డాన్-ఎల్ పడియా పెరాల్టాది. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి, సరైన పత్రాలు లేకుండా న్యూయార్క్‌లో పెరిగారు. కొన్నాళ్లు నిరాశ్రయుల వసతి గృహంలో ఉన్నారు. 2006లో ప్రిన్స్‌టన్ పట్టభద్రుల్లో ద్వితీయ స్థానం సాధించి, ఆనవాయితీ ప్రకారం లాటిన్‌లో ప్రసంగం చేశారు. ఆ ప్రసంగానికి ఓ ముచ్చట ఉంది. శ్రోతల్లో లాటిన్ తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి, ఎక్కడ నవ్వాలో ఎక్కడ చప్పట్లు కొట్టాలో గుర్తులు పెట్టిన ప్రతిని తోటి విద్యార్థులకు పంచుతారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎంఫిల్, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి రోమన్ చరిత్రకారుడయ్యాక, ఈ రంగం తెల్లజాతి ఆధిక్య భావనకు అండగా నిలిచిందని, ఆ బంధం తెగకపోతే ఈ రంగం ఈ రూపంలో మిగలనక్కర్లేదని ఆయన వాదించారు. 2019 జనవరిలో శాన్ డియాగోలో జరిగిన క్లాసిక్స్ పండితుల వార్షిక సభలో ఒకావిడ లేచి, ఆయనకు ఉద్యోగం వచ్చింది నల్లవాడు కావడం వల్లేనన్నారు. నిండు సభలో అన్నారు. ఆయన వాదనతో ఏకీభవించనివాళ్లకు కూడా ఆ రోజు ఆయన ఏ సంగతి చెబుతున్నారో అర్థమై ఉండాలి.

ఈ రంగంలో నల్లజాతి పండితులు కొత్తగా వచ్చినవాళ్లేమీ కారు. విలియమ్ సాండర్స్ స్కార్‌బరో 1852లో జార్జియాలో బానిసగా పుట్టారు. 1881లో గ్రీకు పాఠ్యపుస్తకం ప్రచురించారు. మరుసటి ఏడాది అమెరికన్ ఫిలలాజికల్ అసోసియేషన్‌లో సభ్యుడయ్యారు. నల్లవాళ్లకు గ్రీకు వంటబట్టదని పెద్దమనుషులు బాహాటంగా అనే కాలమది. ఫ్రాంక్ స్నోడెన్ 1944లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పుచ్చుకుని, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో క్లాసిక్స్ విభాగాన్ని దశాబ్దాలు నడిపారు. ప్రాచీన ప్రపంచంలో నల్లవారి మీద 1970లో వచ్చిన ఆయన గ్రంథం ఆ విషయానికి పునాది. నోబెల్ గ్రహీత టోనీ మోరిసన్ హోవర్డ్‌లో చదివేటప్పుడు రెండో విషయంగా తీసుకున్నది క్లాసిక్సే. 2021లో హోవర్డ్ ఆ విభాగాన్ని రద్దు చేసింది. కొన్ని పాఠాలు వేరే విభాగాల్లో సాగుతాయన్నారు. నల్లజాతి వారి కోసం వెలసిన విశ్వవిద్యాలయాల్లో విడిగా క్లాసిక్స్ విభాగం ఉన్నది అదొక్కటే. ప్రిన్స్‌టన్‌లో బీఏ నియమం మారితే పడ్డ గగ్గోలులో నాలుగో వంతైనా దీనికి పడాల్సింది.

ఇక డబ్బు. అమెరికాలో పేరున్న విభాగాలు పీహెచ్‌డీ విద్యార్థి నుంచి ఫీజు తీసుకోవు. ఎదురు భృతి ఇస్తాయి, సాధారణంగా ఐదేళ్లకు హామీతో. బదులుగా కొన్ని సెమిస్టర్లు బీఏ పిల్లలకు పాఠం చెప్పాలి. ప్రిన్స్‌టన్ 2022లో తన పరిశోధకుల భృతిని ఏడాదికి సుమారు 40,000 డాలర్లకు పెంచింది. మిగతా సంపన్న విశ్వవిద్యాలయాలు ఆ బాటే పట్టాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన మండలి భృతి 2025–26కు ఏడాదికి 20,780 పౌండ్లు. ఇది అందేది కొందరికే. భృతి పెరగడం న్యాయమే. దానికి రెండో ముఖం కూడా ఉంది. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు పెరిగేసరికి విశ్వవిద్యాలయాలు తీసుకునే సంఖ్య తగ్గిస్తున్నాయి. ఏటా నలుగురైదుగురిని చేర్చుకునే విభాగంలో ఇద్దరు తగ్గితే సెమినార్ బల్ల చుట్టూ మనుషులే ఉండరు.

ఐదేళ్ల హామీకీ ఏడేళ్ల చదువుకూ మధ్య ఉన్న రెండేళ్లే పీహెచ్‌డీలో గడ్డుకాలం. అప్పటికి గ్రంథం సగంలో ఉంటుంది, వయసు ముప్ఫై దగ్గరపడుతుంది. అదనపు తరగతులు చెప్పుకుంటూ నెట్టుకురావాలి. ఇంటి నుంచి సాయం ఉన్నవాళ్లు ఆ రెండేళ్లు రాస్తారు. లేనివాళ్లు పాఠాలు చెబుతారు, రాయడం వాయిదా పడుతుంది.

ఉద్యోగాల సంగతి దాచడానికేమీ లేదు. శాశ్వత ఆచార్య పదవికి దారితీసే ఖాళీలు 2008 తర్వాత బాగా పడిపోయాయి, పాత స్థాయికి మళ్లీ రాలేదు. ఒక్కో ఖాళీకి వందకు పైగా దరఖాస్తులు రావడం మామూలు. వెనకటికి జనవరి వార్షిక సభలో హోటల్ గదుల్లో ఇంటర్వ్యూలు జరిగేవి. సొంత ఖర్చుతో విమానమెక్కి వెళ్లి, ఓ అరగంట మాట్లాడి తిరిగి రావడమే. ఇప్పుడు అవి వీడియోలోకి మారాయి, అదొక్కటి మేలు. పదవి దొరకనివారిలో చాలామంది ఏడాది, రెండేళ్ల తాత్కాలిక కొలువులతో రాష్ట్రాలు మారుతూ తిరుగుతారు. కోర్సుకు ఇంతని కొన్ని వేల డాలర్లకు చెప్పేవాళ్లు మరికొందరు. అదే సమయంలో అమెరికా హైస్కూళ్లలో లాటిన్ చెప్పేవాళ్లు దొరకడం లేదని బడుల గోల. పీహెచ్‌డీ చేసినవారిని బడికి పంపడం ఓటమిగా చూసే విభాగాల అలవాటు ఈ మధ్యే కాస్త సడలుతోంది. బడిలో మంచి లాటిన్ ఉపాధ్యాయులు లేకపోతే పదేళ్ల తర్వాత తమ దగ్గరికి ఎవరొస్తారన్న ఆలోచన ఇంత ఆలస్యంగా రావడం విడ్డూరమే.

ఇంతా చేసి ఇంకా పరిశోధించడానికి ఏం మిగిలిందన్న ప్రశ్న తరచూ వస్తుంది. రెండున్నర వేల ఏళ్లుగా చదువుతున్నవే కదా అని. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో గ్రెన్‌ఫెల్, హంట్ 1896లో మొదలుపెట్టిన తవ్వకాల్లో దొరికిన పాపిరస్ ముక్కలు ఐదు లక్షల దాకా ఉంటాయి. ఎనభైకి పైగా సంపుటాలు అచ్చయినా చదివి ప్రచురించినవి వాటిలో స్వల్పభాగమే. మ్యూనిక్‌లో 1894లో మొదలైన లాటిన్ మహానిఘంటువు ఇంకా పూర్తికాలేదు. సుమారు కోటి చీటీల ఆధారంగా నడుస్తున్న ఆ పని 2050 దాకా పట్టవచ్చంటున్నారు. కేంబ్రిడ్జ్ గ్రీకు నిఘంటువు 2021లో రెండు సంపుటాలుగా వెలువడింది. దాని వెనక రెండు దశాబ్దాలు దాటిన శ్రమ ఉంది. యంత్రాలూ పనిలో దిగాయి. చెరిగిన గ్రీకు శాసనాల్లో ఖాళీలు పూరించే ఇథాకా అనే సాధనాన్ని డీప్‌మైండ్ సంస్థ, చరిత్రకారులు కలిసి 2022లో తెచ్చారు. యంత్రం ఒక్కటే పూరించినదాని కంటే, దాని సూచనలు చూస్తూ చరిత్రకారులు పూరించినప్పుడు ఫలితం మెరుగైందని ఆ పరిశోధనే చూపింది.

ఒక్కోసారి ఒక పీహెచ్‌డీ గ్రంథమే రంగాన్ని తిరగేస్తుంది. కాలిఫోర్నియా కుర్రాడు మిల్మన్ ప్యారీ 1928లో పారిస్‌లో ఫ్రెంచిలో సమర్పించిన గ్రంథం హోమర్ కావ్యాల్లో పదేపదే వచ్చే విశేషణాల మీద. ఒక వీరుడి పేరుకు పాదంలో ఎంత చోటు మిగిలితే దానికి సరిపడే విశేషణం సిద్ధంగా ఉండటం ఒక కవి తెలివి కాదని, తరాల ఆశుగాన సంప్రదాయమని లెక్కలు కట్టి చూపించారు. 1933–35 మధ్య యుగోస్లావియా వెళ్లి, బతికున్న వీరగాథ గాయకుల పాటలు రికార్డు చేశారు. 1935లో ముప్ఫై మూడేళ్ల వయసులో తుపాకి ప్రమాదంలో పోయారు. ఆ పనిని శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ పూర్తిచేశారు. అక్కడి నుంచి పుట్టిన మౌఖిక కావ్య పరిశోధన మన పల్నాడు దాకా వచ్చింది. జీన్ రోగెయిర్ పల్నాటి వీరుల కథను గాయకుడి నోట రికార్డు చేసి, అధ్యయనంతో, అనువాదంతో 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా ప్రచురించారు.

తెలుగుకు ఈ చదువుతో ఇంకా దగ్గరి చుట్టరికమే ఉంది. తెలుగు మాటల పుట్టుక వెతికేవాళ్లెవరైనా ఇప్పటికీ తెరిచే ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది. దాని కర్తలు థామస్ బరో, ముర్రే ఎమెనో. బరో కేంబ్రిడ్జ్‌లో గ్రీకు, లాటిన్‌తో మొదలుపెట్టి సంస్కృతానికి మళ్లారు. ఎమెనో కెనడాలో క్లాసిక్స్ చదివి, ఆక్స్‌ఫర్డ్ మీదుగా యేల్‌కు లాటిన్ పాఠాలు చెప్పడానికి వెళ్లి, అక్కడ సంస్కృతం చదివి 1931లో డాక్టరేట్ పొందారు. ఆ తర్వాతే నీలగిరుల తోడా భాష దగ్గరికి వచ్చారు. క్లాసిక్స్‌లో ఉద్యోగాలు అప్పుడూ అంతంతమాత్రమే. తమ విషయంలోనే కుర్చీ దొరికి ఉంటే వీళ్లిద్దరూ మనకు దక్కేవారో లేదో.

ఆంధ్రుల చరిత్ర రాసేవారు తరచూ రోమన్ రచయిత ప్లినీని ఉటంకిస్తారు. క్రీ.శ. తొలి శతాబ్దంలో ఆయన రాసిన ప్రకృతి చరిత్ర ఆరో భాగంలో ఆంధ్రులకు ప్రాకారాలున్న పట్టణాలు ముప్ఫై, కాల్బలం లక్ష, గుర్రాలు రెండు వేలు, ఏనుగులు వెయ్యి అని ఉంది. ఈ సంగతి ప్లినీ కాలానిదా, అంతకు మూడున్నర శతాబ్దాల ముందు గ్రీకు రాయబారి మెగస్తనీస్ విన్నదా అన్న తగవు తేలలేదు. రోమన్ అంకెలు ప్రతి నుంచి ప్రతికి ఎత్తి రాసేటప్పుడు తరచూ చెడతాయి కాబట్టి ఆ లక్ష, ఆ వెయ్యి ఏ రాతప్రతిలో ఎలా ఉన్నాయో చూడాల్సిందే. మచిలీపట్నం తీరాన్ని మసాలియా అని చెప్పే ఎరిత్రియన్ సముద్ర పర్యటన గ్రంథమూ అంతే. ఆ గ్రీకు రచనకు ఆధారం ప్రధానంగా హైడెల్‌బర్గ్‌లో ఉన్న పదో శతాబ్దపు రాతప్రతి ఒక్కటే. దాని పాఠంలో సందిగ్ధాలు చాలా. మన పాఠ్యపుస్తకాలకు వచ్చేసరికి ఆ సందిగ్ధాలన్నీ మాయమై, ఇంగ్లీషు అనువాదంలోని ఒకే మాట మిగులుతుంది.

ఈ పనికి తగినవాళ్లు ఇక్కడ లేరనుకోవడం పొరపాటు. తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం నుంచి ఏటా వచ్చే ఆచార్య (ఎంఏ) పట్టభద్రులకు పాణిని వ్యాకరణం, పాఠపరిష్కరణ పద్ధతి తెలుసు. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లను కలిపి చదివే తులనాత్మక భాషాశాస్త్రం ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది, లాస్ ఏంజెలెస్‌లో ఇండో-యూరోపియన్ అధ్యయనాల పేరుతో ఉంది. అలాంటి చోట సంస్కృతం నేర్చుకున్న ఏళ్లు లెక్కలోకి వస్తాయి. నేరుగా క్లాసిక్స్ విభాగానికి వెళ్లాలంటే మాత్రం గ్రీకు, లాటిన్ పునాది నుంచి మొదలుపెట్టి రెండేళ్లయినా పడుతుంది. ఆ రెండేళ్లకు భృతి దొరకడం అరుదు. ఇంగ్లండులో ఒక్క ఏడాది మాస్టర్స్‌కు బయటి దేశాల విద్యార్థి కట్టాల్సిన ఫీజు పెద్ద విశ్వవిద్యాలయాల్లో 30,000 పౌండ్లు దాటుతుంది, అంటే 30 లక్షల రూపాయల పైన. ఇక్కడ సంస్కృతంలో నెట్ పరీక్ష గట్టెక్కి జేఆర్‌ఎఫ్ భృతి తెచ్చుకున్నవారికి నెలకు 37,000 రూపాయలు, ఏడాదికి 4 లక్షల 44 వేలు వస్తాయి.